అమెరికా యూనివర్సిటీలో మొదటి సెమిస్టర్: ఏ పని ఎప్పుడు, ఎలా చేసుకోవాలి

అడగందే అమ్మైనా పెట్టదంటారు. అమెరికా యూనివర్సిటీలో ఈ మాట అడుగడుగునా గుర్తుకొస్తుంది. అక్కడ ఆఫీసులవాళ్లు సాయం చేస్తారు, ప్రొఫెసర్లు ఓపిగ్గా చెబుతారు, కానీ మీరు వెళ్లి అడిగితేనే. అటెండెన్స్ తగ్గిందని ఇంటికి ఫోన్ చేసేవాళ్లు ఉండరు. ఫీజు గడువు దాటుతోందని క్లాసులోకి వచ్చి చెప్పేవాళ్లూ ఉండరు. ప్రతి గడువూ ఎక్కడో ఒకచోట రాసి ఉంటుంది, చదువుకోవాల్సింది మీరే. ఆగస్టులో మొదలయ్యే ఫాల్ సెమిస్టర్‌కి ఎఫ్-1 వీసా మీద ఎమ్మెస్‌కి వెళ్తున్నవాళ్ల కోసం, చేయాల్సిన పనులు వరసగా ఇవి.

ఇల్లు కదలకముందే

ముందు పేరు సంగతి చూసుకోండి. పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి, గివెన్ నేమ్ గడి రెండూ నిండి ఉండాలి. మన సర్టిఫికెట్లలో ఇంటిపేరు ముందు వస్తుంది, కొందరికి ఒక్క పొడి అక్షరంగానే ఉంటుంది. అందుకే పాస్‌పోర్టులో పేరు మొత్తం ఒకే గడిలో పడిపోవడం మనవాళ్లలో తరచూ జరుగుతుంది. అలా ఒక గడి ఖాళీగా ఉంటే వీసా మీద అసలు పేరు ఉండాల్సిన చోట ‘ఎఫ్‌ఎన్‌యూ’ అని అచ్చవుతుంది. పేరు తెలియదని దాని అర్థం. ఆ మూడక్షరాలే తర్వాత యూనివర్సిటీ రికార్డులోకి, డ్రైవింగ్ లైసెన్సులోకి ఎక్కి కూర్చుంటాయి. వీసాకి దరఖాస్తు చేయకముందే పాస్‌పోర్టు సరిచేయించుకుంటే ఈ బాధ ఉండదు.

తర్వాత టీకాలు. చాలా యూనివర్సిటీలు ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా) టీకా రెండు డోసులు వేయించుకున్నట్టు కాగితం అడుగుతాయి. రెండు డోసుల మధ్య కనీసం 28 రోజుల ఎడం ఉండాలి కాబట్టి ఇది ప్రయాణానికి ముందు వారంలో అయ్యే పని కాదు, జూన్‌లోనే మొదలుపెట్టాలి. యూనివర్సిటీ పంపిన ఫారాన్నే ప్రింట్ తీసి డాక్టర్ సంతకం, ముద్ర వేయించండి. తేదీలు అమెరికా పద్ధతిలో, నెల ముందు, రోజు తర్వాత రాయించండి. మనం ఆగస్టు 5ని 05/08 అని రాస్తే వాళ్లు మే 8 అని చదువుతారు. టీకాల కాగితం ఇవ్వకపోతే మీ అకౌంటు మీద ‘హోల్డ్’ పడి, రిజిస్ట్రేషన్ ఆగిపోతుంది.

పాస్‌పోర్టు, ఐ-20 (వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే పత్రం), అడ్మిషన్ లెటర్, సెవిస్ (విదేశీ విద్యార్థుల రికార్డులుండే అమెరికా ప్రభుత్వ వ్యవస్థ) ఫీజు రసీదు, బ్యాంకు కాగితాలు చేతి సంచిలోనే ఉండాలి. పెద్ద పెట్టెలో పెడితే ఇమిగ్రేషన్ ఆఫీసర్ ముందు నిలబడ్డప్పుడు అవి మీ దగ్గర ఉండవు. తినేవాటిలో పచ్చి కరివేపాకు, బియ్యం, మాంసం పచ్చళ్లు పెట్టుకోకండి. కరివేపాకు నిమ్మ జాతి చెట్లకు తెగులు అంటించే పురుగుని మోసుకొస్తుందని, బియ్యంలో ఖాప్రా పురుగు వస్తుందని అక్కడి వాళ్ల భయం. కందిపొడి, ఆవకాయ లాంటివి మామూలుగా వెళ్తాయి, కానీ తిండి పదార్థాలు ఉన్నాయా అని అడిగితే ఉన్నాయనే చెప్పాలి. దాచి దొరికితేనే జరిమానా. 10,000 డాలర్లకు మించి నగదు ఉంటే అదీ చెప్పాలి.

మిక్సీ మాత్రం ఇక్కడిది వద్దు. అక్కడ కరెంటు 120 వోల్టులు, మన మిక్సీ 230 వోల్టులది. అడాప్టర్ పిన్ను ఆకారాన్నే మారుస్తుంది, వోల్టేజీని మార్చదు. 110 వోల్టుల మిక్సీలు అక్కడి ఇండియన్ స్టోర్లలో దొరుకుతాయి. లాప్‌టాప్, ఫోన్ చార్జర్లతో ఇబ్బంది లేదు, వాటి మీద 100-240 అని రాసి ఉంటుంది. ప్రెషర్ కుక్కర్ తీసుకెళ్లండి, అడుగు చదునుగా ఉండాలి, రెండు గాస్కెట్లు అదనంగా పెట్టుకోండి.

దిగాక మొదటి పది రోజులు

ఐ-20లో ఉన్న ప్రోగ్రాం మొదలయ్యే తేదీకి 30 రోజులకన్నా ముందు దేశంలోకి రానివ్వరు, టికెట్ దాన్ని బట్టి తీసుకోండి. దిగిన రెండు మూడు రోజుల్లో ఐ-94 రికార్డు (మీరు దేశంలోకి వచ్చినట్టు ప్రభుత్వం రాసుకున్న నమోదు) ఆన్‌లైన్‌లో డౌన్‌లోడ్ చేసుకుని మూడు విషయాలు చూడండి: పేరు, పుట్టిన తేదీ, ‘ఎఫ్-1’ అన్న క్లాసు. ఎప్పటిదాకా ఉండొచ్చు అన్న చోట ఏముందో కూడా చదివి, అర్థం కాకపోతే కాగితం పట్టుకుని యూనివర్సిటీలోని ఇంటర్నేషనల్ ఆఫీసుకి వెళ్లండి. మీరు వచ్చినట్టు అక్కడ చెక్-ఇన్ చేయించుకోవడం తప్పనిసరి. ప్రోగ్రాం మొదలైన 30 రోజుల్లోపు డీఎస్ఓ (ఆ ఆఫీసులో విద్యార్థుల వీసా వ్యవహారాలు చూసే అధికారి) మీ సెవిస్ రికార్డుని రిజిస్టర్ చేయాలి. మీరు చెక్-ఇన్ చేయకపోతే ఆయన ఆ పని చేయలేరు, రికార్డు రద్దయిపోతుంది. క్లాసులకు రోజూ వెళ్తూ కూడా ఈ ఒక్క పని మరిచి చిక్కుల్లో పడేవాళ్లుంటారు.

ఇల్లు మారితే 10 రోజుల్లోపు కొత్త అడ్రస్ ఇంటర్నేషనల్ ఆఫీసుకి తెలియజేయాలి. మొదటి వారం సీనియర్ల దగ్గర ఉండి తర్వాత సొంత అపార్ట్‌మెంట్‌కి మారినవాళ్లకీ ఇది వర్తిస్తుంది. యూనివర్సిటీ పోర్టల్‌లో మార్చి ఊరుకోకుండా, అది ఇమిగ్రేషన్ రికార్డులోకి ఎక్కిందో లేదో ఒక ఈమెయిల్ పెట్టి అడగండి.

బ్యాంకు అకౌంటుకి పాస్‌పోర్టు, ఐ-20, అడ్రస్ రుజువు చాలు. విద్యార్థులకు అకౌంటు తెరిచే బ్యాంకులు సోషల్ సెక్యూరిటీ నంబర్ లేకపోయినా తెరుస్తాయి. ఆ నంబర్ ఉద్యోగం ఉన్నవాళ్లకే ఇస్తారు. అంటే క్యాంపస్‌లో పని దొరికి, ఆఫర్ లెటరూ, డీఎస్ఓ లెటరూ చేతికొచ్చాక దరఖాస్తు చేయాలి. దేశంలో దిగి కనీసం 10 రోజులు, చెక్-ఇన్ అయి 48 గంటలు గడిచాక వెళ్లమని సోషల్ సెక్యూరిటీ ఆఫీసు వాళ్లే చెబుతారు, ఎందుకంటే అప్పటికి గానీ మీ వివరాలు వాళ్ల కంప్యూటర్‌లో కనిపించవు. కార్డుకి డబ్బు కట్టాల్సిన పని లేదు. నంబర్ ఎక్కడైనా భద్రంగా రాసుకుని కార్డు ఇంట్లోనే ఉంచండి, పర్సులో పెట్టుకుని తిరగకండి.

కొత్తగా వచ్చినవాళ్లకి ఈ రోజుల్లోనే దొంగ ఫోన్లు మొదలవుతాయి. ఇమిగ్రేషన్ ఆఫీసర్‌నంటాడు, మీ రికార్డులో తప్పుందంటాడు, అరెస్టు వారెంటు ఉందంటాడు, వెంటనే గిఫ్ట్ కార్డులు కొని నంబర్లు చెప్పమంటాడు. ఫోన్‌లో ప్రభుత్వ ఆఫీసు నంబరే కనబడుతుంది కూడా, దాన్ని నకిలీ చేయడం తేలిక. ఏ ప్రభుత్వ శాఖా గిఫ్ట్ కార్డులతో డబ్బు తీసుకోదు. ఫోన్ పెట్టేసి డీఎస్ఓకి చెప్పండి.

అపార్ట్‌మెంట్

నలుగురు కలిసి ఒకే లీజు మీద సంతకం పెడితే సాధారణంగా మొత్తం అద్దెకి ప్రతి ఒక్కరూ బాధ్యులే. ఒకరు మధ్యలో ఉద్యోగం వచ్చి వేరే ఊరు వెళ్లిపోతే వాళ్ల వాటా మిగిలిన ముగ్గురి మీద పడుతుంది. మనిషికొక లీజు విడిగా ఇచ్చే స్టూడెంట్ అపార్ట్‌మెంట్లూ ఉంటాయి. అద్దె కాస్త ఎక్కువైనా, తెలియని రూమ్మేట్లతో చేరేవాళ్లకి అదే మంచిదని మా అభిప్రాయం. లీజులో చూడాల్సినవి: ఎన్ని నెలలు, ముందే ఖాళీ చేస్తే ఎంత కట్టాలి, వేరేవాళ్లకి సబ్‌లీజు ఇవ్వచ్చా, కరెంటు, నీళ్లు, ఇంటర్నెట్ అద్దెలో కలిసి ఉన్నాయా. ఎవరూ కళ్లతో చూడని ఇంటికి ఇండియా నుంచే అడ్వాన్సు పంపకండి. అక్కడ ఉన్న సీనియర్‌ని ఒకసారి వెళ్లి చూడమని అడగండి, వాట్సాప్ వీడియోలో ఇల్లంతా చూపించమనండి.

తాళాలు ఇచ్చిన రోజే, సామాను దింపకముందే, ఫోన్‌తో ఇల్లంతా ఫొటోలు తీయండి: కార్పెట్ మరకలు, గోడల మీద గీతలు, ఫ్రిజ్ తలుపు రబ్బరు, స్టవ్ బర్నర్లు, బాత్‌రూమ్ మూలలు. వాటిని లీజింగ్ ఆఫీసుకి ఈమెయిల్ చేయండి. ఏడాది తర్వాత మీ డిపాజిట్ వెనక్కి తెచ్చేది ఆ ఈమెయిలే. నోటిమాటకి అక్కడ విలువ తక్కువ.

మన అలవాట్ల వల్ల ఇంట్లో ఇబ్బంది వచ్చేది రెండు చోట్ల. మొదటిది బాత్‌రూమ్. టబ్‌కి బయట నేల మీద నీళ్లు పోవడానికి తూము ఉండదు. బకెట్, మగ్గుతో స్నానం చేయాలన్నా టబ్ లోపలే చేయాలి, కర్టెన్ అంచు టబ్ లోపలికి వేలాడాలి. బయట పడిన నీళ్లు కిందింటి సీలింగ్‌లోకి దిగుతాయి, ఆ రిపేరు బిల్లు మీకే వస్తుంది.

రెండోది పోపు. బాణలిలో నూనె కాగి, ఆవాలు చిటపటలాడి, ఎండుమిర్చి వేసిన క్షణంలో లేచే ఘాటు పొగ హాల్లో ఉన్న స్మోక్ అలారానికి ఇట్టే అందుతుంది. నూనె పోయకముందే స్టవ్ పైనున్న ఫ్యాన్ వేయండి, కిటికీ తెరవండి. వరండాలోకి తెరుచుకునే మెయిన్ డోర్ మాత్రం తెరవకండి, పొగ అటు పోతే బిల్డింగ్ మొత్తానికి అలారం మోగి ఫైరింజన్ రావచ్చు. కాయిల్ స్టవ్ ఆపేసినా వేడి వెంటనే దిగదు. పోపు మాడకుండా ఉండాలంటే బాణలిని పక్క బర్నర్ మీదికి జరపాలి. నూనె అంటుకుంటే నీళ్లు పోయకూడదు, స్టవ్ ఆపి మూత పెట్టేయాలి. అలారానికి ప్లాస్టిక్ కవరు చుట్టడం, బ్యాటరీ తీసేయడం ప్రాణాలకీ ముప్పే, లీజుకీ విరుద్ధమే. వేయించిన నూనెను సింకులో పోయకండి. చల్లారాక ఖాళీ సీసాలోకి వంచి చెత్తలో వేయండి, లేకపోతే గొట్టం లోపల గడ్డకట్టి పూడుకుపోతుంది.

క్లాసు, సిలబస్, ఆఫీస్ అవర్స్

మనకు సిలబస్ అంటే పాఠాల జాబితా. అక్కడ సిలబస్ అంటే ఆ కోర్సుకి రాసుకున్న ఒప్పందం. అసైన్‌మెంట్లకి ఎంత శాతం, మిడ్‌టర్మ్‌కి ఎంత, ఆలస్యమైతే రోజుకెంత కోత, చాట్‌బాట్ వాడొచ్చా వద్దా, అన్నీ అందులోనే ఉంటాయి. మొదటి వారంలో మూడు కోర్సుల సిలబస్‌లు ముందేసుకుని ప్రతి గడువునూ ఒకే క్యాలెండర్‌లోకి ఎక్కించండి. అక్టోబర్ రెండో వారంలో రెండు మిడ్‌టర్మ్‌లు, ఒక ప్రాజెక్టు ఒకేసారి పడ్డాయని ఆగస్టులోనే తెలుస్తుంది. ఫైనల్ ఎగ్జామ్ ముందు పది రోజులు కూర్చుని గట్టెక్కే పద్ధతి అక్కడ నడవదు, ఎందుకంటే ఫైనల్ వచ్చేసరికి మార్కుల్లో చాలా భాగం అయిపోయి ఉంటుంది. క్లాసులో గడిపే ప్రతి గంటకీ బయట కనీసం రెండు గంటల పని ఉంటుందని లెక్క. తొమ్మిది క్రెడిట్లంటే వారానికి తొమ్మిది గంటల క్లాసు, బయటి పనితో కలిపి 27 గంటలు, ప్రోగ్రామింగ్ కోర్సులుంటే ఇంకా ఎక్కువ.

అన్నిటికన్నా ఎక్కువ జాగ్రత్తగా ఉండాల్సింది కాపీ విషయంలో. బీటెక్‌లో రికార్డు ఒకరిది చూసి ఒకరు రాయడం, సీనియర్ల ప్రాజెక్టు తెచ్చుకోవడం ఎవరూ తప్పుగా చూడరు. అక్కడ అదే పని కేసు అవుతుంది. కోడ్‌లో వేరియబుల్ పేర్లు మార్చినా, ఫంక్షన్లు పైకీ కిందికీ జరిపినా పోలికలు పట్టేసే మాస్ అనే సాఫ్ట్‌వేర్ 1994 నుంచి వాడుకలో ఉంది. పాత బ్యాచ్‌ల సబ్మిషన్లతో కూడా పోల్చి చూసే ప్రొఫెసర్లున్నారు. ఇంకో సంగతి చాలామందికి తెలియదు: కోడ్ ఇచ్చినవాళ్లూ తీసుకున్నవాళ్లతో సమానంగా దోషులే. స్నేహితుడు ఫైల్ పంపమంటే పంపకండి. పక్కన కూర్చుని ఐడియా నోటితో చెప్పండి, అదీ సిలబస్ ఒప్పుకుంటేనే. వ్యాసాల్లో ఇతరుల మాటలు తీసుకుంటే కొటేషన్ గుర్తులూ, మూలం పేరూ రెండూ ఉండాలి. వాక్యంలో నాలుగు పదాలు మార్చి మూలం చెప్పకపోతే అదీ చోరీయే. మొదటిసారి సున్నాతో పోవచ్చు, కోర్సులో ఎఫ్ (ఫెయిల్) రావచ్చు, సస్పెండ్ చేస్తే వీసా స్టేటస్సే పోతుంది. గడువుకి పని అవ్వదనిపిస్తే ముందురోజే ప్రొఫెసర్‌కి రాసి సమయం అడగండి. ఇవ్వకపోతే సగం పనే సొంతంగా చేసి ఇవ్వండి. తక్కువ గ్రేడుని వచ్చే సెమిస్టర్‌లో సరిచేసుకోవచ్చు, కాపీ కేసుని సరిచేసుకోలేరు.

ఆఫీస్ అవర్స్ అంటే ప్రొఫెసర్ తన గదిలో విద్యార్థుల కోసమే కూర్చునే సమయం. మనవాళ్లు ఆయన్ని ఇబ్బంది పెట్టడం ఎందుకని మొహమాటపడి వెళ్లరు. ఎవరూ రాక ఆయన ఊరికే కూర్చున్న గంటలు ఎన్నో. మూడో వారంలోపే ఒకసారి వెళ్లండి. వట్టి చేతులతో వెళ్లి అర్థం కాలేదంటే ఆయనకీ ఏం చెప్పాలో తెలియదు. ఏ లెక్క దగ్గర ఆగారో, అక్కడిదాకా ఏం ప్రయత్నించారో కాగితం మీద చూపించండి. ఈమెయిల్ రాసినా ఇదే పద్ధతి: సబ్జెక్టు లైన్‌లో కోర్సు నంబర్, మొదటి వాక్యంలో మీరెవరు, రెండో వాక్యంలో మీకు కావలసింది, కింద వివరాలు. ‘రెస్పెక్టెడ్ సర్’ అని కాకుండా ప్రొఫెసర్ అన్న మాటకి ఇంటిపేరు చేర్చి పిలవండి.

కోర్సు మరీ కష్టంగా ఉంటే యాడ్-డ్రాప్ గడువులోపు మార్చుకోవచ్చు. ఆ గడువు సెమిస్టర్ మొదటి ఒకటి రెండు వారాల్లోనే అయిపోతుంది. తర్వాత వదిలేస్తే ట్రాన్‌స్క్రిప్టులో ‘డబ్ల్యూ’ పడుతుంది, ఫీజు కూడా పూర్తిగా తిరిగి రాదు. ఫుల్‌టైమ్‌కి మీ యూనివర్సిటీ ఎన్ని క్రెడిట్లంటుందో, ఎమ్మెస్‌కి ఎక్కువ చోట్ల తొమ్మిది, దానికి తగ్గేలా డ్రాప్ చేసే ముందు డీఎస్ఓ అనుమతి ఉండాలి. కొన్ని కారణాలకి ఆయన ఒప్పుకోగలరు, కానీ డ్రాప్ చేసేసి వెళ్లి అడిగితే ఆయన చేతిలో ఏమీ ఉండదు. ఫుల్‌టైమ్ లెక్కలోకి ఆన్‌లైన్ క్లాసు సెమిస్టర్‌కి ఒక్కటే వస్తుందన్నదీ గుర్తుంచుకోండి.

పని, దాని హద్దులు

క్లాసులు జరిగే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటలదాకా పని చేయొచ్చు. రెండు చోట్ల చేస్తే రెండూ కలిపి 20. డైనింగ్ హాల్, లైబ్రరీ, డిపార్ట్‌మెంట్ ఆఫీసు, గ్రేడర్ పని, ఇవన్నీ ఆగస్టు మధ్యలోనే నిండిపోతాయి, దిగిన వారంలోనే దరఖాస్తు పెట్టండి. బయట గ్యాస్ స్టేషన్లలో, రెస్టారెంట్లలో నగదుకి పని ఇస్తామని మనవాళ్లే పిలుస్తారు. అప్పు తీసుకుని వెళ్లినవాళ్లకి ఆ డబ్బు ఎంత అవసరమో మాకు తెలుసు. అయినా వద్దనే చెబుతాం. అనుమతి లేని పని స్టేటస్‌ని ఒక్క రోజులో తీసేస్తుంది, జీతం ఎగ్గొట్టినా మీరు ఫిర్యాదు చేయడానికి జంకుతారని ఆ యజమానికి తెలుసు.

క్లాసులు లేకుండానే మొదటి రోజు నుంచి పని చేసుకోవచ్చనే కాలేజీలనీ నమ్మకండి. 2011లో కాలిఫోర్నియాలో ట్రై-వ్యాలీ యూనివర్సిటీ మూతపడినప్పుడు తెలుగు పిల్లలు ఎంతోమంది రోడ్డున పడ్డారు. 2019లో మిషిగన్‌లో బయటపడిన ఫార్మింగ్టన్ యూనివర్సిటీ అయితే ఇమిగ్రేషన్ శాఖ ఏజెంట్లు వల పన్ని నడిపినదే. అందులోనూ అరెస్టయినవాళ్లలో ఎక్కువమంది భారతీయులే, మన రాష్ట్రాలవాళ్లు చాలామంది ఉన్నారు.

ఒంట్లో బాగోకపోతే

జ్వరం, దగ్గు అయితే ముందు క్యాంపస్ హెల్త్ సెంటర్. అది మూసేశాక అర్జెంట్ కేర్, అదీ మీ ఇన్సూరెన్స్ నెట్‌వర్క్‌లో ఉన్నది. ప్రాణం మీదికి వస్తేనే ఎమర్జెన్సీ రూమ్, చిన్న జబ్బుకి అక్కడికెళితే బిల్లు వందల నుంచి వేల డాలర్లకి పోతుంది. గుండెనొప్పి, స్పృహ తప్పడం, పెద్ద దెబ్బ అయితే మాత్రం డబ్బు సంగతి ఆలోచించకుండా 911కి ఫోన్ చేయండి. డిడక్టబుల్ అంటే ఇన్సూరెన్స్ కంపెనీ బిల్లులు చెల్లించడం మొదలుపెట్టకముందు ఏడాదిలో మీ జేబులోంచి పోయే మొత్తం, కోపే అంటే ప్రతిసారీ మీరిచ్చే చిన్న వాటా. పళ్లకీ కళ్లకీ మామూలుగా విడి ఇన్సూరెన్స్ ఉంటుంది, ఆ వైద్యం ఇక్కడే చేయించుకుని వెళ్లడం తెలివి.

మనసు సంగతి కూడా ఇందులోదే. నవంబర్ మొదటి ఆదివారం గడియారాలు ఒక గంట వెనక్కి జరుపుతారు. న్యూయార్క్‌కీ మనకీ మధ్య తేడా తొమ్మిదిన్నర నుంచి పదిన్నర గంటలవుతుంది. సాయంత్రం ఐదింటికే చీకటి పడుతుంది, అమ్మావాళ్లతో మాట్లాడే వేళలు కలవవు, మిడ్‌టర్మ్ మార్కులు కూడా అప్పుడే వస్తాయి. ఎక్కువమంది కుంగిపోయేది ఆ రోజుల్లోనే. వారానికి రెండు ఫోన్ వేళలు ఇంట్లోవాళ్లతో ముందే ఖాయం చేసుకోండి, మధ్యాహ్నం వెలుగున్నప్పుడు అరగంట బయట నడవండి. నిద్ర పట్టకపోవడం, తిండి సహించకపోవడం రెండు వారాలు దాటితే క్యాంపస్ కౌన్సెలింగ్ సెంటర్‌కి వెళ్లండి. ఫీజులో భాగంగా కొన్ని సెషన్లు ఉంటాయి. మీరు చెప్పినవి ప్రొఫెసర్లకి గానీ తల్లిదండ్రులకి గానీ వెళ్లవు, ప్రాణాపాయం ఉందనుకుంటే తప్ప. చనిపోవాలనే ఆలోచన వస్తే 988కి ఏ వేళలోనైనా ఫోన్ చేయొచ్చు.

డిసెంబర్, ఆ తర్వాత

సెలవుల్లో ఇంటికి వస్తున్నట్టయితే ఐ-20 మీద డీఎస్ఓ ట్రావెల్ సంతకం ఉందో లేదో నవంబర్‌లోనే చూసుకోండి. చదువుతున్నవాళ్లకి అది ఏడాదిపాటు చెల్లుతుంది. తర్వాతి సెమిస్టర్ (స్ప్రింగ్) రిజిస్ట్రేషన్ కూడా ప్రయాణానికి ముందే పూర్తి చేయాలి.

ఒక్క డాలరు సంపాదించకపోయినా అక్కడి పన్నుల శాఖకి ఫారం 8843 నింపి పంపాలి. జీతం ఏమీ రానివాళ్లకి దాని గడువు జూన్ 15. క్యాంపస్‌లో పని చేసినవాళ్లు దాన్ని 1040-ఎన్ఆర్ రిటర్నుతో కలిపి ఏప్రిల్ 15లోపు పంపాలి. మామూలు టాక్స్ సాఫ్ట్‌వేర్లు మిమ్మల్ని అక్కడి రెసిడెంట్‌గా లెక్కేసి తప్పు ఫారం నింపుతాయి, కాబట్టి మీ యూనివర్సిటీ ఇంటర్నేషనల్ విద్యార్థులకిచ్చే సాఫ్ట్‌వేరే వాడండి. భారత్-అమెరికా పన్ను ఒప్పందంలోని 21వ ఆర్టికల్ వల్ల మన విద్యార్థులు స్టాండర్డ్ డిడక్షన్ (పన్ను వేసే ముందు ఆదాయంలోంచి తీసేసే మొత్తం) తీసుకోవచ్చు, మిగతా చాలా దేశాల పిల్లలకి ఆ వీలు లేదు. సాఫ్ట్‌వేర్ మీ దేశం అడిగినప్పుడు సరిగ్గా నింపితే అదే లెక్క చూపిస్తుంది, చూపించకపోతే పంపే ముందు ఆగి అడగండి.